మైకు ముందరి పద్యము – ఘంటసాల

మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్ళకో, గిద్దలూరు చుట్టుపట్ల ఏ పల్లె కొలుపులకో నాటకము కట్టించిన రాత్రి, పూర్వము అందరికంటె ఎక్కువ శ్రమపడినది హరిశ్చంద్ర పాత్రధారి గొంతు. నల్లమల వైపునుండి గాలి వీచుచుండును. ముందు చాపలమీద పిల్లలు నిద్రకు తూగుచుందురు. వెనుక బండ్లు విప్పిన చోటనే కూర్చున్న రైతులు వందగజముల దూరమునుండి వినుచుందురు. పెట్రొమాక్సు దీపముల రొదను, గాలిని, పసిబిడ్డల ఏడుపును దాటి చివరి బండిదాక పద్యము చేరవలెను. అందుచేతనే నటుడు పాదము చివర శ్రుతిని పైకెత్తి, రాగమును సాగదీసి, ఊపిరి ఉన్నంతవరకు నిలిపెడివాడు. దీనిని కేవలము డంబమని కొందరు పండితులు ఈసడించినారు గాని, అందులో అవసరము పాలు హెచ్చు. అర్థముగల మాట గాలికి చెదరిపోవును. తారస్థాయిలో పట్టిన అకారము అంత సులభముగా చెదరదు.

ఆ రంగస్థలము నడుమకు ఒకనాడు మైకు వచ్చినది. దూలమునకు త్రాడు కట్టి వ్రేలాడదీసిన ఆ ఇనుప ముక్కను చూచి తొలినాటి నటులు రెండు విధములుగ ప్రవర్తించినారు. కొందరు దానిని లక్ష్యపెట్టక ఎప్పటివలెనే గొంతు చించుకొనగా, వేపచెట్టుకు కట్టిన బాకా కీచుమని అరచినది. కొందరు దాని క్రిందికే చేరి కదలక నిలువబడగా, శ్రీకృష్ణుడును అర్జునుడును ఒకే గొడుగు క్రింద వాన తప్పించుకొనుచున్న బాటసారులవలె కనబడినారు. మైకు ఉన్నప్పుడు పద్యమును ఎట్లు చదువవలెను? ఎంత దూరమున నిలువవలెను? రాగము ఎక్కడ ఆపవలెను? ఈ ప్రశ్నలకు తెలుగు దేశమునకు సమాధానము చెప్పినవాడు నాటకరంగమునుండి రాలేదు. గుడివాడ తాలూకానుండి, విజయనగరము మీదుగా, చెరసాల మీదుగా మదరాసు చేరిన ఒక బీద గాయకునినుండి ఆ సమాధానము వచ్చినది.

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4వ తేదీన చౌటపల్లెలో జన్మించినారు. తండ్రి సూరయ్య మృదంగము వాయించెడివాడు, భజనలు నడిపెడివాడు. కొడుకును భుజముమీద ఎక్కించుకొని తరంగములు పాడుచు ఊరూర తిరిగెడివాడు. ఆ పిల్లవాని నృత్యమును చూచి జనులు బాలభరతుడని ముద్దుగ పిలిచినారు. ఆయన మొదటి సంగీతపాఠము ఈ విధముగ తండ్రి భుజముమీద, ఆరుబయట, తాళముల చప్పుడు నడుమ జరిగినది. గొంతు పైకి వినబడవలెనన్న నియమము ఆ వయస్సుననే ఒంటబట్టియుండును. పదకొండేండ్లు నిండీ నిండకముందే తండ్రి పోయినాడు. కొడుకు సంగీత విద్వాంసుడు కావలెనన్నది ఆయన చివరి కోరిక.

మేనమామ చేరదీసినాడు. కాని ఊరిలో సంగీతము నేర్పువారు లేరు. కుర్రవాడు చేతి ఉంగరము అమ్ముకొని, ఎవ్వరితోను చెప్పక విజయనగరము రైలెక్కినాడు. అచటి సంగీత కళాశాల చేరుసరికి వేసవి సెలవులు. తలుపులు మూసియున్నవి. ఆ కష్టకాలమున ఆదుకొన్నవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. స్వయముగ బీదవారయ్యును శిష్యుని ఇంట నుంచుకొని విద్య చెప్పినారు. అన్నమునకు మాత్రము మధూకరమే దిక్కు. జోలె పట్టుకొని ఇల్లిల్లు తిరిగి భిక్ష తెచ్చుకొనుట తరువాతి కాలమున ఆయనకు సిగ్గుపడవలసిన జ్ఞాపకము కాలేదు. తనకు అన్నము పెట్టిన విజయనగరపు వీధులను ఆయన కడవరకు తలచుకొనుచునే యుండినారు.

సీతారామశాస్త్రిగారి వద్ద అబ్బినదేమి? రాగజ్ఞానము సరే, అది ఏ గురువైనను చెప్పగలడు. ఆ గురువు కవి కూడ. సాహిత్యమును నలిపి సంగీతమును నిలుపుట ఆయనకు గిట్టదు. తెలుగు మాటను తెలుగు మాటవలె పలుకుచు పాడవలెనన్న పట్టుదల శిష్యునకు అచటనే కలిగినది. ఆ గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావుగారే తరువాతి దినములలో మదరాసు చేరి, ఘంటసాలకు సంగీత సహాయకుడై, చివరివరకు వెంట నుండినారు. గురుఋణము తీరుటకు ఇంతకంటె చక్కని మార్గము దొరకదు.

చదువు ముగించి ఊరికి వచ్చి కచేరీలు, భజనలు చేయుచుండగా 1942 క్విట్ ఇండియా ఉద్యమము వచ్చినది. అందు పాల్గొని బళ్ళారి అలీపురం జైలులో శిక్ష అనుభవించినారు. 1944 మార్చి 4వ తేదీన సావిత్రిగారితో వివాహము జరిగినది. తన పెండ్లికి తానే కచేరీ చేసిన పెండ్లికుమారుడని బంధువులు చాలకాలము చెప్పుకొన్నారు. ఆ తరువాత సముద్రాల రాఘవాచార్యుల ప్రోత్సాహముతో మదరాసు చేరినారు. పగలు అవకాశముల వేట, రాత్రులు పానగల్ పార్కులో పడక.

అప్పటికి ఆ గొంతు వయస్సు ఇరువదిరెండు. గుడి మంటపములందు, పెండ్లి పందిళ్ళలో నలుదిక్కుల మారుమ్రోగిన గొంతు అది. మదరాసులో దానికి ఎదురైనది మైకు.

మైకు మనుష్యుల చెవివంటిది కాదు. మన చెవి వెనుక మనస్సున్నది. సంతలో నిలువబడియు కావలసినవాని మాటను ఏరుకొని వినగలము. మైకునకు ఆ వివేకము లేదు. దాని ముందర ఏది దగ్గరగ ఉన్నదో అది పెద్దది, ఏది దూరముగ ఉన్నదో అది చిన్నది. దూరము రెట్టింపైనచో దానిని చేరు ధ్వనిశక్తి నాలుగవ వంతునకు పడిపోవును. ఆ కాలపు స్టూడియోలలో విస్తారముగ వాడిన రిబ్బను మైకులో పలుచని లోహపు పట్టీ ఒకటి అయస్కాంతపు ధ్రువముల నడుమ వ్రేలాడుచుండును. అది ముందు వైపునను వెనుక వైపునను వినును, ప్రక్కలకు చెవిటిది. మిక్కిలి దగ్గరగ పాడినచో మంద్రస్వరములను ఉన్నదానికంటె గంభీరముగ చూపును. పవర్గాక్షరములతో వెడలు ఊపిరి సూటిగ తగిలెనా, ధబ్బుమని అదరును. తెలుగులో ఫకార భకారములు లేని పద్యమెక్కడిది? శషసలను ఒత్తి పలికినచో ఈల వేసినట్లగును. నాటకపు గొంతు ఈ మూడు పరీక్షలలోను ఓడిపోవును.

తొలుత ఒక గ్రామఫోను పరీక్షలో ఘంటసాల కంఠము పనికిరాదన్న తీర్పు వచ్చినదని ప్రసిద్ధి. తీర్పు చెప్పినవారిని పూర్తిగ తప్పు పట్టుటకు వీలులేదు. పందిరి నిండ పాడు గొంతును మైకు ముందర అట్లే విడిచినచో అది మొరటుగనే వినబడును. పేకేటి శివరాం వంటివారు ఆ మొరటుదనము వెనుక నున్నదానిని గుర్తించి రికార్డునకు పాడించినారు. ఆకాశవాణిలోను అవకాశములు లభించినవి. 'సీతారామ జననము'లో బృందగానము, చిన్న వేషము. 1945లో 'స్వర్గసీమ'లో, ఒంగోలు దగ్గరి దొడ్డవరమున పుట్టిన భానుమతితో కలిసి పాడిన పాట. మెల్లమెల్లగ ఆయన తన గొంతును తగ్గించుట నేర్చినారు. శక్తిని తగ్గించలేదు, దానిని దాచుకొనుట నేర్చినారు. తారస్థాయికి పోవునపుడు మొగము కొంత వెనుకకు తీయుట, మంద్రమున మైకును సమీపించుట, ఊపిరిని సూటిగ వదలక ఓరగ పోనిచ్చుట: మైకు ముందర పాడువారెల్లరు నేర్వవలసిన ఈ చిన్న విద్యలను గురువులెవ్వరు బోధించరు. పాడిన దానిని మరల విని సిగ్గుపడి దిద్దుకొనవలసినదే.

ఆనాటి పాట ముద్రణమును నేటివారు ఊహించుట కష్టము. గాయకుడు, వయొలిన్లు, వీణ, తబలా, వేణువు అందరు ఒకే గదిలో ఒకే సమయమున పాడి వాయించవలెను. మైకులు ఒకటి రెండు. ఏ వాద్యము ఎంత వినబడవలెనో యంత్రములు సరిచేయవు, దూరమే సరిచేయవలెను. వేణువు ముందుకు, తబలా వెనుకకు, డోలు గోడ దగ్గరకు. గాయకుడు మైకు ఎదుట నిలుచును. పాట చివర ఒక్క వయొలిను తప్పినను మరల మొదటినుండి అందరును పాడవలసినదే. తొలి సంవత్సరములలో శబ్దము ఫిల్ముమీదనే ముద్రింపబడెడిది. ఆ ఫిల్ము కడిగి వచ్చుదాక పాడినది ఎట్లున్నదో తెలియదు. 'కీలుగుఱ్ఱం', 'మనదేశం' 1949లోను, 'పాతాళభైరవి' 1951లోను వచ్చినవి. వీనికి ఘంటసాలయే సంగీత దర్శకుడు. అనగా మైకునకు ఎదుట తాను నిలుచుటేగాక, వాద్యగాండ్రను ఎవరెక్కడ కూర్చుండబెట్టవలెనో కూడ తానే ఆలోచించవలసి వచ్చినది.

1953లో 'దేవదాసు' పాటలు విన్నవారికి మైకు చేసిన ఉపకారము తెలిసినది. త్రాగి సోలిపోవుచు తనలో తాను గొణుగుకొను మనుష్యుని పాట, నాటకరంగముమీద మూడవ వరుసకు కూడ వినబడదు. సినిమాలో అది ఊరి చివరి టూరింగు టాకీసులోని నేల తరగతికి గూడ గుండెలో పలికినట్లు వినబడినది. దగ్గరగ పాడిన గొంతు దగ్గరగ నుండుట, ఇది తెలుగు చెవికి క్రొత్త.

అయినను ఘంటసాల గొప్పదనము పాటలలోకంటె పద్యములలో ఎక్కువ కనబడునని చెప్పవలెను. పాటలు పాడినవారు ఆయనకు ముందును కలరు, వెనుకను కలరు. పద్యమును మాత్రము ఆయన ఒక క్రొత్త రూపమునకు తెచ్చినారు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము', 'కుంతీకుమారి' గ్రామఫోను రికార్డులుగ వెలువడినపుడు, పద్యమును ఇట్లుగూడ పాడవచ్చునా అని దేశము విస్తుపోయినది. డెబ్బదియెనిమిది చుట్ల రికార్డు ఒక ప్రక్క మూడున్నర నిమిషములకు మించి తిరుగదు. పాదపాదమునకు రాగము తీసినచో ఒకటి రెండు పద్యములతో ప్రక్క నిండిపోవును. ఆ ఇరుకుదనమును ఘంటసాల వరముగ మార్చుకొన్నారు. యతి దగ్గర ఆగుటకు మారుగ అర్థము దగ్గర ఆగినారు. సంబోధన ఒక స్వరమున, జాలి ఒక స్వరమున, నింద ఒక స్వరమున నిలిపినారు. ఆలాపనను పద్యము చివరకు నెట్టి, అదియు భావము నిలుచునంతవరకే సాగనిచ్చినారు. పువ్వు మాటలాడుచున్నపుడు అది పువ్వువలెనే మాటలాడినది. కచేరీ చేయలేదు.

ఇందువలన నష్టము లేదా? ఉన్నది. పాత నటుల ఆ సుదీర్ఘ రాగాలాపన వెనుక ఒక పెద్ద విద్య ఉండెడిది. పద్యమునకు ప్రేక్షకుడు వన్స్‌మోరు కొట్టగా, రెండవసారి అదే పద్యమును వేరొక సంచారముతో పాడగల నటులుండిరి. రికార్డులో పద్యము ఒక్క రూపముననే ఘనీభవించినది. పల్లె పల్లెకు అదే పుష్పవిలాపము, అదే ఊపిరి, అదే విరుపు. పడమటి ప్రకాశములోని కుర్ర నటులు తమ గురువుల బాణీని విడిచి రికార్డు బాణీని పట్టినారనుట అసత్యము కాదు. 1967లో 'శ్రీకృష్ణావతారం' చిత్రమున తిరుపతి వేంకటకవుల రాయబారపు పద్యములను ఘంటసాల పాడిన పిమ్మట, రంగస్థలమున కృష్ణ వేషము కట్టినవానిని జనులు సినిమాతో పోల్చి చూచుట మొదలుపెట్టినారు. మైకు లేకుండ రాత్రి తెల్లవార్లు పాడగల ఒక వృద్ధ నటునకు అంతకంటె అన్యాయమేమున్నది? కాని ఆ అన్యాయము చేసినది ఘంటసాల కాదు, అనుకరణము.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు, కంభము కర్నూలు జిల్లాలోనివి. అటు సీమకు ఇటు కోస్తాకు నడుమ నున్న ఈ పలకల గనుల నేలకు నాటక సమాజములు రెండు వైపులనుండియు వచ్చెడివి. ఇచట పద్యనాటకము ఇంకను బ్రతికియున్నది. దానిని టేపుమీదికి ఎక్కించవలెనని పూనుకొన్నవారికి కలుగు చిక్కులన్నియు ఘంటసాల మదరాసు స్టూడియోలో ఎదుర్కొన్నవే, మరి నాలుగు రెట్లు ఎక్కువ. నటులు నడచుచుందురు. చెక్క వేదిక అడుగుల చప్పుడును నేరుగ మైకునకు అందించును. గజ్జెలు మ్రోగును. హార్మోనియము ఒక ప్రక్క కూర్చుండి, మైకు దానివైపు తిరిగియున్నచో కృష్ణుని మాటను మ్రింగివేయును. ఆ వాద్యము రంగస్థలమున నటుని మించి వినబడుట పద్యనాటకమునకు పట్టిన పాత వ్యాధి. అనుభవముగల ధ్వనిముద్రకులు మైకు చెవిటి ప్రక్కను హార్మోనియమువైపు త్రిప్పుదురు, వేదికకు తగులకుండ మైకును పైనుండి వ్రేలాడదీయుదురు, ప్రేక్షకుల చప్పట్లకు వేరొక మైకు దూరముగ నిలుపుదురు. బాకాలకు పోవు తీగనుండియే ధ్వనిని తీసికొన్నచో మాట స్పష్టముగ నుండును గాని రంగస్థలము చచ్చిపోవును. అది హరిశ్చంద్రుడు కాటిలో గాక డబ్బాలో నిలువబడి పాడినట్లుండును.

ఎవరు కుడినుండి పలికినారో ఎవరు ఎడమనుండి పలికినారో వినువానికి తెలియజేయు పద్ధతిని లండనులో ఆలన్ బ్లుమ్‌లైన్ 1931లోనే కనిపెట్టి పేటెంటునకు దరఖాస్తు చేసినాడు. రెండు మైకులను ఒకే చోట, ఒకదానికొకటి లంబకోణమున నిలిపినచో చాలును. 1934లో ఆబీ రోడ్డు స్టూడియోలో సర్ థామస్ బీచమ్ వాద్యబృందమును ఆ విధముగ ముద్రించినాడు. కాని యుద్ధకాలమున, 1942లో, రాడారు పరీక్షలు చేయుచున్న విమానము కూలి తన ముప్పదియెనిమిదవ ఏట మరణించినాడు. ఆయన పద్ధతి సామాన్య రికార్డులలోనికి వచ్చుటకు 1950ల చివరి సంవత్సరములు కావలసివచ్చినది. ఘంటసాల పాటలలో అత్యధికము ఒంటి చెవి ముద్రణములే. కుడియెడమలు లేవు. దగ్గర, దూరములే ఉన్నవి. ఆ రెంటితోనే ఆయన సమస్తము చెప్పవలసివచ్చినది.

స్టూడియోలో అంత పొదుపుగ పాడిన మనిషి సభలలో ఎట్లు పాడెడివాడు? తెల్లని పంచె, లాల్చీ. ముందర హార్మోనియము, వాయించునది తానే. మైకు ఒకటి నోటికి, హార్మోనియమునకు నడుమ వంగియుండును. తన వ్రేళ్ళ బరువును తానే తగ్గించుకొని గొంతునకు దారి ఇచ్చుట ఆయన సభలో చూపిన నేర్పు. 1960లో వచ్చిన 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'లో ఆయన స్వయముగ తెరమీద కనబడి, స్వామి సన్నిధిని పాడినారు. ఆ దృశ్యము చూచినవారికి ఆయన మొగమున ఏ అభినయమును లేదని, అంతయు గొంతులోనే ఉన్నదని తెలియును. 1970లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. 1971లో ఐరోపా, అమెరికా దేశములకు పోయి అచటి తెలుగువారి సభలలో పాడినారు. అప్పటికే మధుమేహము శరీరమును తినివేయుచుండెను. వేలాది పాటలు, సంగీత దర్శకత్వము, నడుమ స్వయముగ చిత్రములు తీసి పడిన ఆర్థిక నష్టము, వీని బరువు తక్కువది కాదు. గొంతులో పూర్వపు నిండుదనము సన్నగిలినదని చివరి సంవత్సరముల పాటలు విన్నవారు గుర్తింపగలరు. ఆయనకు అది అందరికంటె ముందే తెలిసియుండును.

ఆ స్థితిలోనే భగవద్గీతను పాడినారు. గీతలోనుండి ఏరిన నూరుకు మించిన శ్లోకములు, వాని వెంట తెలుగులో తాత్పర్యము. మూడున్నర నిమిషముల సంకెల అప్పటికి పోయినది. ఎల్.పి. రికార్డు ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా తిరుగును. కాని ఘంటసాల ఆ వెసులుబాటును రాగమునకు వాడుకొనలేదు. శ్లోకమును నిదానముగ, ఆయాసము తెలియనీయక పలికి, తాత్పర్యమును ఇంటిలోని పెద్ద ఒకడు ప్రక్కన కూర్చుండి చెప్పినట్లు చెప్పినారు. అలసిన గొంతునకు మైకు ఆసరాయైనది. ఇరువదిరెండవ ఏట తనను పరీక్షించిన యంత్రమే ఏబదియొకటవ ఏట తన బలహీనతను కప్పినది. ఆ రికార్డు బజారునకు వచ్చుట ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసు విజయా ఆసుపత్రిలో కన్నుమూసినారు.

గిద్దలూరు, కంభము, మార్కాపురము పల్లెలలో ఏ ఇంటనైనను మరణము సంభవించినచో, బంధువులు చేరుటకు ముందే మైకు సెట్టువాడు వచ్చును. వాకిటి వేపచెట్టుకు బాకా కట్టును. ఆ బాకానుండి గీత మొదలగును. పొలములలో పనిచేయువారు తల ఎత్తి, ఊరిలో ఎవరో పోయినారని గ్రహించి, తలగుడ్డ విప్పుదురు. అదే మైకు సెట్టు తిరునాళ్ళ రాత్రి హరిశ్చంద్ర నాటకమునకు వచ్చును. నాటకము మొదలగువరకు జనమును కూర్చుండబెట్టుటకు వేయు పాటలలో నాటికిని నేటికిని మొదటిది ఆయనదే. తెర లేచిన తరువాత హరిశ్చంద్రుడు మైకు దగ్గరకు నడచివచ్చి, పద్యమెత్తుకొనుటకు ముందు, ఒక్క అడుగు వెనుకకు వేయును.